అవ్వాతాతలతో తిరునాళ్లకు వెళ్తున్నారా? స్పెషల్ క్యూ కంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదీ!

శ్రీశైలం శివరాత్రి కావచ్చు, ఒంటిమిట్ట రాములోరి కల్యాణం కావచ్చు. మంత్రాలయం ఆరాధన కావచ్చు, కడప పెద్ద దర్గా ఉరుసు కావచ్చు. పండగ దగ్గర పడే కొద్దీ సీమలో చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. "వచ్చే ఏడాదికి ఉంటానో లేదో, ఈసారైనా నన్ను పిల్చకపోండి నాయనా" అని అవ్వ అడుగుతుంది. కొడుకేమో టీవీలో జనాన్ని చూసి, "ఆ రద్దీలో నీ వల్ల కాదులేమ్మా" అంటాడు.

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఈ గొడవ ఏటా తెగదు.

ఉత్సవానికి పది రోజుల ముందు సమీక్షా సమావేశం జరుగుతుంది. "వృద్ధులు, దివ్యాంగులకు ప్రత్యేక క్యూలైన్ ఏర్పాటు చేస్తున్నాం" అనే వాక్యం ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. మేమూ దాన్ని స్క్రోలింగ్‌లో వేస్తాం. కానీ ఆ క్యూ మొదలయ్యే చోటు దాకా పెద్దాయన ఎలా చేరాలి? దర్శనం అయ్యాక బస్సు దాకా ఎలా రావాలి? మధ్యలో ఏదైనా తేడా జరిగితే ఏ దారిన బయటపడాలి? కష్టమంతా ఈ మూడు చోట్లే ఉంది. వీటికి జవాబు మాత్రం ప్రకటనల్లో దొరకదు.

బస్సు దిగాకే అసలు పరీక్ష

మామూలు రోజున గుడి ముందు దాకా ఆటో వెళ్తుంది. ఉత్సవం రోజున వెళ్లదు. ట్రాఫిక్ మళ్లిస్తారు, బారికేడ్లు పెడతారు, వాహనాలను దూరంగా పార్కింగ్ స్థలంలోనే ఆపేస్తారు. రద్దీని బట్టి చూస్తే అది తప్పు కాదు. కానీ అక్కడి నుంచి గుడి దాకా ఉన్న ఆ కిలోమీటరో, రెండు కిలోమీటర్లో ఎవరి లెక్కలోకీ రాదు.

పాతికేళ్ల కుర్రాడు కిలోమీటరు దూరాన్ని పావుగంటలో నడిచేస్తాడు. మోకాళ్లు అరిగిన డెబ్బై ఏళ్ల మనిషికి అదే దూరం అరగంట దాటుతుంది. మధ్యలో మూడు నాలుగు సార్లు కూర్చోవాలి. కూర్చోవడానికి అరుగు గానీ, బెంచీ గానీ, కాస్త నీడ గానీ ఉందా? వీల్‌చైర్ అయితే ఇసుకలో, కంకరలో కదలదు. రోడ్డుకు అడ్డంగా వేసిన కరెంటు కేబుల్ ఒక్కటి చాలు, చక్రం ఆగిపోవడానికి. అంటే ప్రత్యేక క్యూ అందుకోవాలంటే ముందు ఆరోగ్యవంతుడిలా నడవగలగాలి! నడవలేని వాళ్ల కోసం పెట్టిన ఏర్పాటుకు నడిచి వెళ్లాల్సి రావడం ఏంటన్నది ఎవరూ అడగరు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. టికెట్ ఖర్చు చూసుకుని ఆగిపోయే అవ్వలకు ఇప్పుడు ఆ అడ్డంకి లేదు. మంచిదే. కానీ పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తులో ఉంటుందో ఎక్కినవాళ్లకు తెలుసు. తిరునాళ్ల స్పెషల్ బస్సు కోసం జనం ఎగబడుతుంటే ఆ మెట్టు ఎక్కడానికి అవ్వకు కావాల్సిన అర నిమిషం కూడా దొరకదు.

ఇంకో సంగతి. దీన్ని బయటికి చెప్పుకోరు. చాలామంది ఆడవాళ్లు, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లు, జాతరకు వెళ్లే రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగరు. ఎందుకంటే బాత్రూమ్ ఎక్కడుంటుందో తెలియదు. ఉన్నా అక్కడ నీళ్లుంటాయన్న నమ్మకం లేదు. పైగా కింద కూర్చోలేరు, కమోడ్ కావాలి. క్యూ వదిలి వెళితే మళ్లీ లోపలికి రానిస్తారో లేదో అనే భయం ఒకటి. కర్నూలు, కడప ఎండల్లో ఇలా నోరు కట్టుకుని గంటల తరబడి నిలబడితే ఏమవుతుంది? కళ్లు తిరిగి పడిపోతారు. బీపీకి నీరుడు మాత్రలు వేసుకునే వాళ్లయితే ఇంకా త్వరగా పడిపోతారు. దాన్ని మనం వడదెబ్బ అంటాం. దాని వెనకున్న టాయిలెట్ సంగతి ఎక్కడా రాసుకోం.

అలాగే పాదాలు. గుడిలో చెప్పులుండవు. మధ్యాహ్నం రాతి బండ ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి అరికాళ్లలో స్పర్శ తగ్గిపోతుంది. కాలుతున్నా తెలియదు. ఇంటికొచ్చాక బొబ్బ కనిపిస్తుంది, అది పుండుగా మారితే నెలలు పడుతుంది. కొబ్బరి పీచు పట్టాలు పరిచి గంటకోసారి నీళ్లు చల్లితే తీరే సమస్య ఇది. చాలా ఆలయాల్లో పట్టాలు వేస్తున్నారు కూడా. కాకపోతే అవి ప్రధాన క్యూ వరకే ఉంటాయి. ప్రత్యేక లైన్ దగ్గరా వేశారో లేదో చూసుకోవాలి.

ఒంటిమిట్ట ఆ రాత్రి ఏం చెప్పింది?

రాష్ట్ర విభజనతో భద్రాచలం తెలంగాణకు వెళ్లింది. దాంతో 2015 నుంచి ఏపీ ప్రభుత్వం శ్రీరామనవమి వేడుకలను అధికారికంగా కడప జిల్లా ఒంటిమిట్టలో జరుపుతోంది. ఆలయ నిర్వహణ టీటీడీ చేతికి వచ్చింది. ఇక్కడి ప్రత్యేకత ఏంటంటే, సీతారాముల కల్యాణం పట్టపగలు కాదు, రాత్రి వెన్నెల్లో జరుగుతుంది. ఊరు చిన్నది. ఆ ఒక్క రాత్రి మాత్రం చుట్టుపక్కల జిల్లాల జనమంతా అక్కడే ఉంటారు.

ముసలివాళ్లకు దీని అర్థం ఏంటో చూడండి. గ్యాలరీలో చోటు దొరకాలంటే మధ్యాహ్నానికే చేరుకోవాలి. అంటే ఏప్రిల్ ఎండలో ప్రయాణం, తర్వాత ఐదారు గంటలు ఒకేచోట కూర్చోవడం. కల్యాణం అయ్యాక తలంబ్రాల కోసం తోపులాట. ఆపై రాత్రిపూట అందరూ ఒక్కసారిగా రోడ్డెక్కితే వాళ్లతో పాటే తిరుగు ప్రయాణం.

2018 మార్చి 30న కల్యాణం రోజు సాయంత్రం ఈదురుగాలులతో పెద్ద వాన పడింది. వేసిన పందిళ్లు కూలిపోయాయి. నలుగురు ప్రాణాలు కోల్పోయారు, పదుల మంది గాయపడ్డారు. మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో ఇలాంటి గాలివానలు రాయలసీమకు కొత్త కాదు. పగలంతా కాల్చిన ఎండే సాయంత్రానికి మబ్బు పట్టిస్తుంది. అంటే ఇది ఊహించలేని ప్రమాదం కాదు.

అలాంటి క్షణంలో వయసులో ఉన్నవాడు లేచి పరుగెత్తుతాడు. కింద చాప మీద కూర్చున్న అవ్వకు లేవడానికే ఒకరి చేయి కావాలి. చూపు లేనివాళ్లకు ఏ వైపు ఖాళీగా ఉందో తెలియదు. చెవులు వినపడని వాళ్లకు మైకులో ఏం చెబుతున్నారో అర్థం కాదు. వీల్‌చైర్‌ను ఎత్తి గ్యాలరీలోకి దించిన కుర్రాళ్లు ఆ గందరగోళంలో ఎక్కడున్నారో! లోపలికి తీసుకెళ్లడం సగం పనే. ఆపద వస్తే వాళ్లను ఎవరు, ఏ దారిన బయటికి తేవాలన్నది ముందే తేల్చుకోకపోతే, ముందు వరుసలో కుర్చీ వేయించడం మేలు చేసినట్టు కాదు. ఒక్కోసారి కీడు కూడా.

అందుకే పెద్దవాళ్ల గ్యాలరీ వేదికకు దగ్గరగా ఉందా అని కాకుండా, బయటికి వెళ్లే దారికి దగ్గరగా ఉందా అని చూడాలి. వేదిక మరీ దూరమైతే ఎల్‌ఈడీ స్క్రీన్ పెట్టొచ్చు. దారిని మాత్రం అప్పటికప్పుడు తెచ్చిపెట్టలేం.

ఒక్క గేటు.. ఆరు ప్రాణాలు

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో జరిగింది గుర్తుందా? వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జనం గంటల తరబడి ఎదురుచూశారు. తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. బైరాగిపట్టెడ కేంద్రం దగ్గర ఏం జరిగిందో అధికారులు అప్పట్లో చెప్పారు. అస్వస్థతకు గురైన ఒక మహిళను బయటికి తేవడానికి గేటు తీశారు. టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు.

వృద్ధుల ఏర్పాట్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క ఘటన చాలు. ఒక మనిషికి ఒంట్లో బాగోలేదు. ఆమెను బయటికి తీసుకురావడానికి వేరే దారి లేదు. ఉన్న ఒక్క గేటే అందరికీ ఆశ. అదే గేటు అత్యవసర ద్వారం కూడా! పక్కన రెండు మీటర్ల వెడల్పున, జనానికి కనిపించని వైపు ఒక దారి వదిలి ఉంటే?

అదే ఏడాది నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఏకాదశి రోజు వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది చనిపోయారు. అక్కడ కూడా రాకపోకలకు దారి చాలకపోవడం, రెయిలింగ్ ఒరిగిపోవడమే చర్చకు వచ్చాయి.

తొక్కిసలాట అనగానే కాళ్ల కింద నలిగిపోయారని అనుకుంటాం. చాలా మరణాలకు అసలు కారణం ఊపిరాడకపోవడం. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చోట నలుగురైదుగురు దాటి చేరితే ప్రమాదం మొదలైనట్టే. ఆరేడుగురైతే ఇక ఎవరి కాళ్లు వాళ్ల మాట వినవు. వరద నీటిలాగా గుంపంతా ఒకేసారి ఊగుతుంది. ఛాతీ మీద ఒత్తిడి పెరిగి నిలబడిన మనిషి నిలబడినట్టే ఊపిరి అందక పోతాడు. ఎముకలు బలహీనపడి, గుండె, ఊపిరితిత్తులు ముందే అలసిపోయిన వాళ్లు ఆ ఒత్తిడిని ఎంతసేపు తట్టుకుంటారు? పైగా ఒక్కరు తూలి పడితే వెనకున్న వాళ్లంతా వాళ్ల మీద పడతారు. అంటే పెద్దవాళ్లకు వేరే దారి ఇవ్వడం వాళ్ల మీద జాలితో చేసే పని మాత్రమే కాదు. గుంపులో ఉన్న అందరి ప్రాణాలకూ అది రక్షణే.

శ్రీశైలం: చీకటి, ఉపవాసం, ఘాట్ రోడ్డు

నిన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లాలో ఉన్న శ్రీశైలం, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా శివరాత్రి రద్దీ మారలేదు. ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో నడిచి వచ్చేవాళ్లు ఒకవైపు. ఘాట్ రోడ్డులో బస్సుల్లో, కార్లలో వచ్చేవాళ్లు మరోవైపు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్లీ నిటారు మెట్లెక్కాలి. మొక్కు ఉందని మోకాళ్ల నొప్పులతో ఆ దారి పట్టే పెద్దవాళ్లున్నారు. మధ్యలో కాలు మడత పడితే అడవిలో అంబులెన్స్ రాదు, మోసుకురావాల్సిందే. మొక్కును బస్సులో వెళ్లి తీర్చుకున్నా మల్లన్న కోప్పడడు.

శివరాత్రి నాటి పాగాలంకరణ చూడాలని ఎంతోమందికి ఆశ. ఆ సమయంలో ఆలయంలో దీపాలన్నీ ఆర్పేస్తారు. చీకట్లోనే చేనేత భక్తుడు గర్భాలయ విమాన శిఖరానికి, నందులకు పాగా చుడతాడు. అద్భుతమైన ఘట్టమే. కానీ కంటిచూపు మందగించిన వాళ్లకు, నడకలో తూలే వాళ్లకు అది ప్రమాదకరమైన సమయం కూడా. దీపాలు ఆరక ముందే వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలి. వెలుగు వచ్చేదాకా కదలనివ్వకూడదు. ఇంటివాళ్లు మరిచిపోకూడని మాట ఇది.

ఇక ఉపవాసం. షుగర్ మాత్రలో, ఇన్సులినో తీసుకుంటూ తిండి మానేస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు పట్టడం, వణుకు, మాట తడబడటం, తెలియని కోపం కనిపిస్తే ముందు చక్కెర గానీ, బెల్లం గానీ, గ్లూకోజ్ నీళ్లు గానీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఉపవాసం ఉండాలా వద్దా, ఉంటే ఏ మాత్ర ఆపాలి అన్నది వారం ముందే డాక్టర్‌ను అడగండి. గుడి మెట్ల మీద నిలబడి తేల్చుకునే విషయం కాదది.

శ్రీశైలంలో, మంత్రాలయంలో మరో చిక్కు ఉంది. ఉగాదికి శ్రీశైలానికి, శ్రావణ మాసంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు మంత్రాలయానికి కర్ణాటక నుంచి జనం పెద్దఎత్తున వస్తారు. కన్నడం తప్ప మరో భాష రాని అజ్జీ తప్పిపోయి తెలుగు వాలంటీర్ దగ్గరికి వస్తే? ప్రకటనలు కన్నడంలోనూ చేయడం, ప్రతి సహాయ కేంద్రంలో ఆ భాష తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండటం పెద్ద ఖర్చేమీ కాదు.

అహోబిలం దారి వేరు. ఎగువ అహోబిలం దాటి జ్వాలా నరసింహుడి దగ్గరికి వెళ్లాలంటే కొండల్లో నడకే. నడవలేని వాళ్లను మోసేందుకు డోలీలుంటాయి. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. దిగువ అహోబిలంలో ప్రహ్లాద వరదుడి ఆలయం ఊళ్లోనే ఉంది, అక్కడ ఆ కొండ నడక బాధ లేదు.

అన్ని వేడుకలకూ అందరినీ తీసుకెళ్లాలని కూడా లేదు. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవానికి వీల్‌చైర్ దారి వేయమని మేం అడగడం లేదు. అక్కడ కర్రల మధ్యకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే వెళ్లకుండా ఉంటే మేలు.

చట్టం ఏమంటోంది?

చాలామందికి తెలియని విషయం ఇది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 'ప్రజా భవనం' అంటే ఏంటో చెబుతూ, మతపరమైన, సాంస్కృతిక కార్యక్రమాలకు జనం వాడే భవనాలనూ అందులో చేర్చింది. ప్రభుత్వానిదా, ప్రైవేటుదా అన్న తేడా లేదు. అంటే గుడి, దర్గా, చర్చి, కల్యాణ మండపం అన్నీ దీని కిందికి వస్తాయి. పాత భవనాలను కూడా నిబంధనలు వచ్చిన ఐదేళ్లలోగా అందుబాటులోకి తేవాలని చట్టం చెప్పింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. ఆ గడువు 2022లోనే అయిపోయింది.

2024 నవంబర్‌లో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. అందుబాటు ప్రమాణాలు ఇష్టమైతే పాటించే సలహాల్లా ఉండకూడదని, కచ్చితంగా పాటించాల్సిన కనీస నిబంధనలు వేరుగా ఉండాలని తేల్చింది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానాకు చట్టంలో వీలుంది. ఫిర్యాదు చేయాలంటే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు.

కొలతలు కూడా గాల్లోవి కావు. ర్యాంప్ ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవు ఉండాలి. మూడడుగుల ఎత్తున్న వేదికకు 36 అడుగుల ర్యాంప్ అన్నమాట. ఈసారి ఏ సభకు వెళ్లినా గమనించండి. మూడడుగుల వేదికకు ఆరడుగుల చెక్క వాల్చి 'ర్యాంప్' అంటారు. దాని మీద వీల్‌చైర్ ఎక్కించాలంటే నలుగురు తోయాలి, దించేటప్పుడు జారితే మనిషి ముందుకు పడతాడు. ద్వారం కనీసం 90 సెంటీమీటర్లు, వీల్‌చైర్ వెనక్కి తిరగడానికి ఐదడుగుల చోటు కావాలి. ఇనుప పైపులతో కట్టే మన క్యూలైన్ల మలుపుల్లో ఈ ఐదడుగులు దొరుకుతాయా? దొరకవు.

దివ్యాంగులంటే వీల్‌చైర్ ఒక్కటే గుర్తొస్తుంది. ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, హీమోఫిలియా కూడా అందులో ఉన్నాయి. బయటికి ఏమీ కనిపించదు. అందుకే "నీకేమైంది, బాగానే ఉన్నావు కదా, అటు వెళ్లు" అనే మాట వాళ్లు పడాల్సి వస్తుంది. పోలియో వచ్చి క్యాలిపర్ వేసుకున్న వాళ్లది ఇంకో అవస్థ. కొన్నిచోట్ల దానికి తోలు ఉందని, బూటు ఉందని లోపలికి రానివ్వరు. అది వాళ్లకు చెప్పు కాదు, కాలు! చక్రాలకు గుడ్డ చుట్టడమో, ఆలయానికి సొంతంగా వీల్‌చైర్లు ఉంచడమో చేస్తే ఆచారానికీ ఇబ్బంది ఉండదు, మనిషికీ ఇబ్బంది ఉండదు.

ఓటు రోజు కుదిరింది, ఉత్సవం రోజు ఎందుకు కుదరదు?

2024 మే 13న పోలింగ్ రోజు గుర్తు చేసుకోండి. అది మండుటెండల కాలం. కర్నూలు, కడప జిల్లాల్లో బూత్‌ల దగ్గర ర్యాంపులు, వీల్‌చైర్లు, సాయానికి వాలంటీర్లు ఉండాలన్నది ఎన్నికల సంఘం నిబంధన. వీల్‌చైర్ కావాలని ముందే చెప్పుకోవడానికి సక్షమ్ అనే యాప్ ఉంది. 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటేసే అవకాశం ఇచ్చారు. లోపాలు అక్కడా ఉండొచ్చు. కానీ ఎవరెవరికి ఏం అవసరమో ముందే అడిగారు. తేడా అంతా అక్కడే ఉంది.

ఉత్సవాలకు ఆ మాత్రం చేయలేమా? ప్రతి నెలా ఒకటో తారీఖున వృద్ధులకు 4 వేలు, దివ్యాంగులకు 6 వేల పింఛను సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చిస్తున్నారు. అంటే ఏ ఊళ్లో ఎవరు నడవలేరో ప్రభుత్వం దగ్గర లెక్క ఉంది. వాట్సాప్‌లో మన మిత్ర సేవలున్నాయి. "ఫలానా రోజు దర్శనానికి వస్తాం, వీల్‌చైర్ కావాలి, పార్కింగ్ నుంచి బండి కావాలి" అని ముందే నమోదు చేసుకునే వీలు కల్పిస్తే, ఎన్ని బ్యాటరీ వాహనాలు తిప్పాలో అధికారులకూ అంచనా దొరుకుతుంది. అంచనా లేకుండా తెప్పించిన పది వీల్‌చైర్లు సహాయ కేంద్రం వెనక మడతపెట్టి ఉంటాయి, అడిగినవాళ్లకు మాత్రం దొరకవు.

తిరుమలలో 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఆన్‌లైన్‌లో స్లాట్ ఇచ్చి ప్రత్యేక దర్శనం చేయిస్తారు. అయితే బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి లాంటి రోజుల్లో ఆ సౌకర్యాన్ని రద్దు చేస్తారు. వినడానికి అన్యాయంగా ఉన్నా, ముందే ప్రకటిస్తారు కాబట్టి జనం ప్రయాణం మార్చుకోగలుగుతారు. 'ప్రత్యేక క్యూ ఉంది' అని చెప్పి తీరా వచ్చాక సాధారణ క్యూలో కలిపేయడం కంటే అది నయం.

మక్కాలో చూస్తే, సఫా, మర్వా మధ్య నడిచే దారిలో వీల్‌చైర్ల కోసం మధ్యలో వేరే వరుసలు ఉన్నాయి. ఎంత రద్దీ ఉన్నా ఆ వరుసలోకి నడిచేవాళ్ల గుంపు కలవకుండా కట్టడమే అడ్డుకుంటుంది. హజ్ యాత్రలో రాళ్లు వేసే ఘట్టానికి వెళ్లలేని వృద్ధుల తరఫున మరొకరు వేయొచ్చు. అక్కడ దారితో పాటు ఆచారం కూడా నడవలేని మనిషి కోసం కాస్త జరిగి చోటిచ్చింది.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే..

ముందు రోజు ఎంచుకోండి. శ్రీశైలం శివరాత్రి బ్రహ్మోత్సవాలు 11 రోజులు జరుగుతాయి. మొదటి మూడు నాలుగు రోజుల్లో వెళితే వాహన సేవ చూడొచ్చు, రద్దీ తక్కువ. ఒంటిమిట్టలోనూ కల్యాణం రాత్రి కాకుండా బ్రహ్మోత్సవాల్లో మరో రోజు వెళ్లొచ్చు. కల్యాణం టీవీలో లైవ్ వస్తుంది. "నేను అక్కడే కూర్చుని చూడాలి" అని పెద్దాయన పట్టుబడితే మాత్రం పెద్ద మనిషి మాట కొట్టేయకండి, ఏర్పాటు చేసుకుని వెళ్లండి.

బయల్దేరే ముందే ఆలయ కార్యాలయానికో, దర్గా నిర్వాహకులకో ఫోన్ చేసి అడగండి. 'ప్రత్యేక క్యూ ఉందా' అని కాదు. మా వాహనం ఎక్కడిదాకా రానిస్తారు, అక్కడి నుంచి బండి ఉందా, తోడు ఎంతమందిని పంపుతారు, కమోడ్ ఉన్న టాయిలెట్ ఏ పక్కన, బయటికి వచ్చే దారి ఎక్కడ తేలుతుంది అని అడగండి. తోడు సంగతి ముఖ్యం. ఒక్కరినే రానిస్తామంటే మిగతావాళ్లు ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవాలి. లక్షల జనంలో సెల్ సిగ్నల్ దొరకడం కష్టం. 'ధ్వజస్తంభం దగ్గర' అనుకోవద్దు, అక్కడే అందరూ ఉంటారు. గుడి బయట ఒక హోటలో, పెట్రోల్ బంకో గుర్తు పెట్టుకోండి.

ఆ రోజు కట్టుకున్న బట్టలతో పెద్దవాళ్ల ఫొటో ఒకటి తీసి ఫోన్‌లో ఉంచుకోండి. తప్పిపోతే పోలీసులు ముందు అడిగేది అదే. పేరు, ఇంటి ఫోన్ నంబర్, వేసుకునే మందుల పేర్లు రాసిన కాగితం వాళ్ల జేబులో గానీ, కొంగు ముడిలో గానీ పెట్టండి. దివ్యాంగులైతే యూడీఐడీ కార్డు, వృద్ధులైతే ఆధార్ దగ్గరుండాలి. మందుల డబ్బా, నీళ్ల సీసా, బెల్లం ముక్క, పలచని సాక్సులు, మడత స్టూలు. కొన్నిచోట్ల స్టూలు రానివ్వకపోవచ్చు, అది కూడా ఫోన్‌లోనే అడిగేయండి.

జనంలో ఒత్తిడి పెరుగుతున్నట్టు అనిపిస్తే, అంటే మీ చేతులు మీ ఇష్టం వచ్చినట్టు కదలకపోతే, దర్శనం సంగతి మర్చిపోయి పక్కకు వచ్చేయండి. ఎదురు వెళ్లొద్దు. గుంపు కాస్త వెనక్కి ఊగినప్పుడల్లా వాలుగా ఒక్కో అడుగు పక్కకు జరగాలి. పెద్దవాళ్లను మీ ముందు ఉంచుకుని చేతులు అడ్డం పెట్టి వాళ్ల ఛాతీ ముందు చోటు ఉండేలా చూడండి. అత్యవసరమైతే 112, ఆరోగ్యం తేడా చేస్తే 108. పెద్దవాళ్లకు సంబంధించిన సాయం కోసం ఎల్డర్‌లైన్ నంబర్ 14567.

2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. శ్రీశైలం పాతాళగంగ, సంగమేశ్వరం ఘాట్లకు మళ్లీ జనం పోటెత్తుతారు. పుష్కరం పన్నెండేళ్లకు ఒకసారే కాబట్టి, 'ఇదే నాకు ఆఖరిది' అనుకుంటూ వచ్చే పెద్దవాళ్లే ఎక్కువ. ఘాట్లకు టెండర్లు పిలిచేది, కాంక్రీట్ పోసేది అంతకు ముందే. మెట్ల పక్కన రెయిలింగ్, ఒక వైపు ర్యాంప్, నీళ్లలోకి దిగలేని వాళ్లకు పైనే షవర్లు ఆ డ్రాయింగుల్లో ఉన్నాయో లేదో ఇప్పుడు అడగాలి. కాంక్రీట్ గట్టిపడ్డాక అడిగితే వచ్చేది ఆరడుగుల చెక్క ర్యాంపే.